గాలి వేగంతో పాటు నీటి ఎత్తు కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం.

తుపాను వచ్చినప్పుడల్లా మన పత్రికల మొదటి పేజీలో ప్రధానంగా కనిపించే అంకెలు రెండు. గాలి గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో వీస్తుందన్నది ఒకటి, ఏ ఓడరేవులో ఎన్నో నెంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్నది రెండోది. సముద్రం ఎన్ని అడుగులు పొంగుతుందో, ఆ నీరు ఏ ఊరి నేల మీద ఎంత ఎత్తున నిలుస్తుందో చెప్పే మాట వార్త చివరి పేరాలో ఒక్క వాక్యంగా ఉంటుంది. చాలాసార్లు అదీ ఉండదు. ఈ అలవాటు మారాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నా కోరికకు ఆధారంగా, 1900 సెప్టెంబరు 8న అమెరికాలోని టెక్సస్ తీరంలో గాల్వెస్టన్ అనే రేవు పట్టణాన్ని ముంచెత్తిన హరికేన్ గురించి కొంత వివరంగా చెప్పాలి. ఆ ఒక్క తుపానులో చనిపోయినవారు తక్కువలో తక్కువ ఆరు వేలు, ఎక్కువలో ఎక్కువ పన్నెండు వేలు అని అంచనాలున్నాయి. సాధారణంగా ఎనిమిది వేలని చెబుతారు. అమెరికా చరిత్రలో మరే ప్రకృతి విపత్తులోనూ ఇంతమంది పోలేదు.

గాల్వెస్టన్ సన్నని ఇసుక దీవి మీద కట్టిన ఊరు. ఒక వైపు మెక్సికో సింధుశాఖ, మరో వైపు లోతు లేని అఖాతం. 1900 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 37,789 మంది ఉండేవారు. పత్తి ఎగుమతిలో ఆ దేశంలోనే పేరెన్నికగన్న రేవు కావడంతో డబ్బుకు కొదవ లేదు. పెద్ద పెద్ద మేడలు, వర్తక భవనాలు, విద్యుత్తు ట్రాములు అన్నీ ఉన్నాయి. అయితే ఊరు మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన నేల సముద్రమట్టానికి 8.7 అడుగులు మాత్రమే. ఆ శనివారం రాత్రి ఊరి మీదికి వచ్చిన నీటి ఎత్తు 15 అడుగులకు పైన. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. తుపానుకు ముందే వాటిని అలా పక్కపక్కన పెట్టి ఊరివాళ్లకు చూపించినవారు లేకపోవడమే నా దృష్టిలో ఆ ఘోరానికి మూలం.

హెచ్చరికలు లేవనడానికి వీల్లేదు. అదే తీరంలో నైరుతి దిశగా ఉన్న ఇండియనోలా అనే రేవు 1875లో ఒకసారి, 1886లో మరోసారి తుపాను పాలై, చివరికి జనం వదిలేసి వెళ్లిపోయిన ఊరైంది. దాన్ని చూసి గాల్వెస్టన్ పెద్దలు కొందరు సముద్రానికి అడ్డుగోడ కట్టాలని తలపెట్టారు. కొన్నాళ్లకు ఆ ఆలోచన చల్లారిపోయింది. 1891లో అక్కడి వాతావరణ కార్యాలయ అధికారి ఐజాక్ క్లైన్ స్థానిక పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, గాల్వెస్టన్‌ను తుపాను పెద్దగా దెబ్బతీస్తుందనుకోవడం వట్టి భ్రమ అని వాదించాడు. తీరం దగ్గర సముద్రగర్భం వాలు చాలా తక్కువ కాబట్టి వచ్చే అలలు దూరంలోనే విరిగిపోతాయని, ఒకవేళ నీరు వచ్చినా దీవి వెనక ఉన్న పల్లపు నేలల మీదికి పరుచుకుపోతుందని ఆయన తర్కం. ఆయన తెలివితక్కువవాడు కాదు, పని ఎగ్గొట్టే మనిషీ కాదు. వైద్యం కూడా చదివిన, శ్రద్ధ గల శాస్త్రజ్ఞుడు. అయినా అసలు సంగతి ఆయన చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. గాలిపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం పొంగేది సుమారు ఒక సెంటీమీటరే. ఉప్పెనలో ఎక్కువ భాగం గాలి గంటల తరబడి నీటిని ఒడ్డు వైపు నెట్టడం వల్ల వస్తుంది. లోతైన సముద్రమైతే అలా నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోతుంది. లోతు తక్కువైన చోట దానికి వెనక్కి పోయే దారి చాలక కుప్పపడి ఒడ్డెక్కుతుంది. రక్షణ అనుకున్న ఆ మెత్తని వాలే ఊరికి మృత్యువైంది. పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం అడ్డుగోడ వద్దన్నవారి చేతికి దొరికిన ఆయుధమైంది కనుక, పత్రికలో ఏది రాస్తామన్నది చిన్న విషయం కాదని నేను ఇంతగా నొక్కి చెబుతున్నాను.

తుపాను దారి గురించి కూడా తెలిసినవారి మాట వినలేదు. 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధం తర్వాత క్యూబా అమెరికా సైనిక పాలనలో ఉంది. హవానాలోని బెలెన్ వేధశాలలో జెసూట్ అనే కేథలిక్ సంఘానికి చెందిన ఫాదరీలు దశాబ్దాలుగా హరికేన్లను పరిశీలిస్తూ వచ్చారు. 1893లో మరణించిన ఫాదర్ బెనితో వినేస్ ఆ విద్యలో ఎంతో పేరు పొందినవాడు. ఈ తుపాను క్యూబా దాటాక బలపడి పడమర వైపు, సింధుశాఖలోకి పోతుందని హవానాలోని పరిశీలకులు అంచనా వేశారు. వాషింగ్టన్‌లోని అమెరికా వాతావరణ సంస్థ మాత్రం అది ఫ్లోరిడా మీదుగా ఉత్తరానికి తిరిగి అట్లాంటిక్ తీరం వెంట పోతుందని నమ్మింది. నమ్మితే నమ్మింది, క్యూబా పరిశీలకుల వాతావరణ తంతి సందేశాలు అమెరికాకు చేరకుండా ఆ సంస్థ అప్పటికే కట్టడి చేయించింది. పాలించేవాడికి పాలితుడి జ్ఞానం మీద ఉండే చులకన భావం ఎన్ని ప్రాణాలు తీస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. చివరికి సెప్టెంబరు 7 శుక్రవారం ఉదయం గాల్వెస్టన్‌లో తుపాను జెండా ఎగరేశారు. జెండాను అందరూ చూశారు. గాలి వస్తుందని అది చెప్పింది గానీ, మీ ఇంటి గడప మీద ఎన్ని అడుగుల నీరు నిలుస్తుందో చెప్పలేదు. శనివారం ఉదయం సముద్రం ఎన్నడూ లేనంతగా ఎగసిపడుతుంటే జనం పిల్లలను తీసుకుని చూడడానికి ఒడ్డుకు వెళ్లారు.

ఆ రోజు ఉదయమే క్లైన్‌ను కలవరపెట్టిన సంగతి ఒకటుంది. గాలి ఉత్తరం నుంచి, అంటే భూమి మీద నుంచి సముద్రం వైపు వీస్తోంది. లెక్క ప్రకారం నీరు వెనక్కి తగ్గాలి. అయినా సముద్రం ఎదురుగాలిని లెక్కచేయక వీధుల్లోకి వస్తూనే ఉంది. ఉత్తరపు గాలి అఖాతం నీటిని వెనక వైపు నుంచి ఊరి మీదికి నెడుతుంటే, ముందు నుంచి సింధుశాఖ పొంగుతోంది. మధ్యాహ్నానికి ఊరు సగం నీళ్లలో ఉంది. ప్రధాన భూభాగానికి వెళ్లే వంతెనలు దెబ్బతిని దారి తెగిపోయింది. సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో గంటకు నూరు మైళ్ల వేగం నమోదు చేశాక గాలిమాపకమే ఎగిరిపోయింది. తుపాను కేంద్రం ఊరికి కాస్త పడమరగా తీరం దాటింది కాబట్టి, గాలి తూర్పుకు, తర్వాత ఆగ్నేయానికి మళ్లి సముద్రాన్ని నేరుగా ఊరి మీదికి తోసింది. ఏడున్నర ప్రాంతంలో నాలుగు సెకన్లలో నాలుగు అడుగుల నీరు పెరిగిందని క్లైన్ తన నివేదికలో రాశాడు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తుండగా ఎనిమిది అంగుళాల నీరు నడుము దాటిందన్నమాట.

గట్టిదని నమ్మి దాదాపు యాభై మంది తలదాచుకున్న క్లైన్ ఇల్లు కూడా నిలవలేదు. ట్రాము పట్టాల కట్ట ఒకటి కొట్టుకొచ్చి ఆ ఇంటిని ఢీకొట్టింది. నీటిలో విరిగిన కలప, దూలాలు, పైకప్పులు వరుసగా వెనక ఉన్న ఇళ్లను పడగొట్టుకుంటూ పోయాయి. గర్భవతి అయిన క్లైన్ భార్య కోరా ఆ రాత్రి మరణించింది. ఆయన, ముగ్గురు కూతుళ్లు, తమ్ముడు జోసెఫ్ శిథిలాల మీద తేలుతూ బతికారు. ఊరి పడమటి వైపు సముద్రపుటొడ్డున సెయింట్ మేరీస్ అనాథాశ్రమం ఉండేది. అక్కడి కన్యాస్త్రీలు బట్టలారేసే తాళ్లతో పిల్లలను తమ నడుములకు కట్టుకున్నారు. పది మంది కన్యాస్త్రీలు, తొంభై మంది పిల్లలు పోయారు. ముగ్గురు పెద్ద పిల్లలు ఒక చెట్టును పట్టుకుని మిగిలారు. నీటి ఎత్తు పదిహేను అడుగులని ముందు రోజు ఆ తల్లులకు ఎవరైనా చెప్పి ఉంటే, ఒడ్డున ఉన్న ఆ భవనంలో వాళ్లు ఒక్క గంట కూడా ఉండేవారు కాదు.

మర్నాడు ఆరుగురు మనుషులు పడవలో అవతలి ఒడ్డు చేరి, అక్కడి నుంచి హ్యూస్టన్ వెళ్లి బయటి ప్రపంచానికి వార్త అందించారు. ఐదు వందల మంది చనిపోయి ఉంటారని వాళ్లు చెబితే అది అతిశయోక్తి అనుకున్నారట. పాతిపెట్టడానికి చోటు లేక, సుమారు ఏడు వందల శవాలకు బరువులు కట్టి సముద్రంలో వేశారు. ఆ పనికి నల్లజాతి మనుషులను తుపాకులు చూపించి పడవలెక్కించారు. ఈ మాట చెప్పకుండా గాల్వెస్టన్ ధైర్యసాహసాలను మాత్రమే పొగడడం అన్యాయం. ఆ శవాలు తిరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ తర్వాత వారాల తరబడి ఊరంతా చితులే. అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపకురాలు క్లారా బార్టన్ డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో సహాయానికి స్వయంగా వచ్చింది.

ఆ తర్వాత ఆ ఊరు చేసిన పనిని మన ఇంజనీర్లు, పాలకులు తప్పక చదవాలి. పదిహేడు అడుగుల ఎత్తున, మొదటి విడతగా మూడు మైళ్లకు పైగా కాంక్రీటు అడ్డుగోడను 1902–1904 మధ్య కట్టారు. అడ్డుగోడ ఉంటే అలల తాకిడి విరిగి ఎంతో ప్రాణనష్టం తప్పేదని తుపాను తర్వాత నివేదికలో రాసినవాడు, 1891లో అది అక్కర్లేదన్న ఆ క్లైనే. గోడతో ఆగక 1903 నుంచి 1911 దాకా ఊరి నేలనే ఎత్తారు. రెండు వేలకు పైగా కట్టడాలను స్క్రూజాకీల మీద లేపి, తవ్వోడలతో తోడిన ఇసుక, నీళ్ల మిశ్రమాన్ని గొట్టాల ద్వారా వాటి కిందికి పంపారు. నీరు ఇంకిపోయి ఇసుక నిలిచింది. మూడు వేల టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని ఏడు వందల జాకీలతో ఐదు అడుగులు లేపారు. మొత్తం పోసిన ఇసుక కోటీ అరవై లక్షల ఘనగజాల పైమాటే. ఆ ఏళ్లంతా జనం ఎత్తైన చెక్క బాటల మీద నడిచారు; ఎవరి ఇల్లు లేపించుకునే ఖర్చు వాళ్లే భరించారు; చెట్లు, తోటలు చచ్చిపోయాయి. 1915 ఆగస్టులో మళ్లీ దాదాపు అంత తుపానే వచ్చింది. చుట్టుపక్కల తీరంలో రెండు వందలకు పైగా మరణించినా, గోడ వెనక ఉన్న నగరంలో పోయిన ప్రాణాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. గాలి వేగంలో పెద్ద తేడా లేదు. తేడా వచ్చింది నేల ఎత్తులో, నీటికి అడ్డంలో.

ఇంత చేసినా కథ అక్కడితో అయిపోలేదు. 2008 సెప్టెంబరులో వచ్చిన ఐక్ హరికేన్ గాలి వేగాన్ని బట్టి వేసే ఐదు తరగతుల్లో కింది నుంచి రెండో తరగతికి చెందినదే. రెండో తరగతే కదా అని చాలామంది ఇళ్లు వదలలేదు. గాల్వెస్టన్‌లో నీరు గోడ లేని వైపు నుంచి, అఖాతం మీదుగా వచ్చి పాత వర్తక వీధులను ముంచింది; పక్కనే ఉన్న బొలివర్ ద్వీపకల్పంలో ఇళ్లకు ఇళ్లు పునాదులతో సహా తుడిచిపెట్టుకుపోయాయి. గాలి తరగతి చెప్పినంత మాత్రాన నీటి ప్రమాదం అర్థం కాదని అప్పుడు మరోసారి తేలింది. దాంతో అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం 2010లో తన తరగతుల పట్టిక నుంచి ఉప్పెన ఎత్తులను తీసేసి దాన్ని గాలికే పరిమితం చేసింది. ఉప్పెనకు విడిగా హెచ్చరికలు ఇవ్వడం 2017 నుంచి మొదలుపెట్టింది. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది, నీటి ఎత్తును సముద్రపు పోటు మీద ఇన్ని అడుగులని చెప్పడంతో సరిపెట్టకుండా, మీరు నిలబడిన నేల మీద ఇన్ని అడుగులని చెప్పడం. పోటు ఎంత ఉంటుందో, తన ఊరి నేల సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? తన తల మునుగుతుందా లేదా అన్నది మాత్రం ఎవరికైనా తెలుస్తుంది.

ఇక మన తీరం. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది చనిపోయారని, సముద్రం కొన్నిచోట్ల పదిహేడు మైళ్ల లోపలికి వచ్చిందని బ్రిటిష్ కాలపు జిల్లా చరిత్రలు చెబుతున్నాయి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పది వేల మంది పోయారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయినది నీటి వల్లే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదికి వచ్చిన హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూగా వీచి నగరంలో చెట్టన్నది మిగల్చకపోయినా, రాష్ట్రంలో మరణాలు పదుల్లోనే ఆగాయి. ముందుగా జనాన్ని తరలించడం అందుకు ఒక కారణమైతే, అక్కడి ఎత్తైన నేల, తక్కువ ఉప్పెన మరో కారణం. అంత గాలే కృష్ణా, గోదావరి డెల్టాల పల్లపు ఊళ్ల మీదికి వస్తే ఫలితం వేరుగా ఉంటుంది. మంగినపూడి దగ్గర సముద్రం లోతు తక్కువని, అందుకే స్నానాలకు అనువని అందరికీ తెలుసు. ఆ లోతు తక్కువే ఉప్పెనను పెంచుతుందన్న సంగతి ఎంతమందికి తెలుసు? మన తీరంలో తుపాను తూర్పు నుంచి వచ్చి తీరం దాటినప్పుడు, కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్లకే సాధారణంగా నీటి ముప్పు ఎక్కువ అన్న సంగతి కూడా తుపాను వార్తల్లో నేను చదివింది చాలా తక్కువ. ఫలానా చోట తీరం దాటుతుందని రాయగానే, ఆ చోటికి ఉత్తరాన నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవారు తమకు గండం తప్పిందని ఊపిరి పీల్చుకుంటారు.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఓడలవారి కోసం ఏర్పడ్డవి. పదో నెంబరు పెట్టారంటే భయపడాలని జనానికి తెలుసు గానీ, దాన్ని బట్టి పాలకాయతిప్పలోనో, హంసలదీవిలోనో ఉన్న ఇంట్లో నీరు మోకాలి దాకా వస్తుందా, దూలం దాకా వస్తుందా అన్నది తేలదు. ఉప్పెన అంచనాలు మన దగ్గర లేక కాదు. భారత వాతావరణ శాఖ తన ప్రకటనల్లో ఉప్పెన ఎత్తును చెబుతూనే ఉంది. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన ముందస్తు అంచనాలను తయారు చేస్తోంది. ఆ అంచనాలు పల్లెలో మనిషి చదివి నిర్ణయం తీసుకునే రూపంలో అచ్చు కావడం లేదన్నదే నా బాధ.

ఉప్పెన అంచనాలు తప్పుతాయని, తుపాను యాభై కిలోమీటర్లు పక్కకు జరిగితే లెక్కలన్నీ మారిపోతాయని, ఒకటి రెండు సార్లు నీరు రాకపోతే జనం హెచ్చరికలను నమ్మడం మానేస్తారని కొందరంటారు. ఈ అభ్యంతరంలో నిజముంది. అయితే గాలి వేగం అంచనా కూడా అలాగే తప్పుతుంది, అయినా దాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తూనే ఉన్నాం. ఒకే అంకె చెప్పకుండా ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పవచ్చు; తుపాను పక్కకు తిరిగితే ఏ మండలాలకు ముప్పు పెరుగుతుందో కూడా చెప్పవచ్చు. సముద్రాన్ని అంత దగ్గరగా ఎరిగిన తీరంవాసులకు ఆ తేడా అర్థం కాదనుకోవడం, హవానా పరిశీలకుల విషయంలో వాషింగ్టన్ చూపిన చులకన వంటిదే.

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. వచ్చే తుపాను నుంచి మొదటి పేజీలో గాలి వేగం వేసిన చోటే, అదే సైజు అక్షరాల్లో ఉప్పెన ఎత్తును అడుగుల్లో వేయండి. జిల్లా సంచికల్లో తీర మండలాల పటం ఇచ్చి, ఏ గ్రామంలో నేల మీద ఎన్ని అడుగుల నీరు నిలిచే అవకాశం ఉందో, దగ్గరలోని తుపాను రక్షణ కేంద్రం అంతస్తు ఆ నీటికి పైన ఉందో లేదో అధికారులను అడిగి ప్రచురించండి. అధికారుల దగ్గర గ్రామాల వారీగా ఆ వివరాలు లేకపోతే, లేవన్న సంగతే వార్తగా రాయండి. ఇది తుపానులు లేని వేసవిలోనే మొదలుపెట్టవలసిన పని; సముద్రపు కరకట్టలు ఎక్కడ కోసుకుపోయాయో, మడ అడవులు ఎక్కడ నరికి చెరువులు తవ్వారో మీ గ్రామీణ విలేకరులకు తెలుసు, వాటిని కూడా ఆ పటంలోకి ఎక్కించవచ్చు. బందరులో 1864 నాటి నీరు, దివిసీమలో 1977 నాటి నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో దొరికిన ఆధారాలను బట్టి బడులు, పంచాయతీ కార్యాలయాల గోడల మీద గుర్తు పెట్టాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతూ మీరు ఒక సంపాదకీయం రాస్తే, ఆ గుర్తులు వేయించడానికి నాలాంటివారు తీరం పొడవునా ముందుకు వస్తారు.

ఇట్లు,
భవదీయుడు,
కృష్ణా జిల్లా తీర ప్రాంత పాఠకుడు